సురవరం ప్రతాపరెడ్డిగారి జీవితము – మన సంఘములకు పాఠము

ధ్యానమునకు: నెహెమ్యా గ్రంథము 3, 5, 13 అధ్యాయములు



అమెరికా దేశమున బానిసత్వమును తొలగించుటకు పాటుపడిన అబ్రహాము లింకను పేరు మన బడిపిల్లలకును తెలియును. ఆయనకంటె ముందుగా అదే పనికి పూనుకొనిన విలియం లాయిడ్ గారిసన్ అనువాని పేరు అంతగా తెలియదు. ఆయన రాజు కాడు, సేనాధిపతి కాడు. అచ్చుపని నేర్చిన సామాన్యుడు. 1831వ సంవత్సరము జనవరి 1వ తేదీన బోస్టను నగరములో విమోచకుడు అను అర్థమిచ్చు పేరుతో ఒక చిన్న వారపత్రికను మొదలుపెట్టెను. 1835లో అల్లరిమూక ఆయనను పట్టుకొని త్రాడు కట్టి వీధులలో ఈడ్చెను. అయినను పత్రిక ఆగలేదు. 1865లో బానిసత్వము చట్టముచేత రద్దయిన తరువాతనే ఆయన దానిని ముగించెను. ఒక కలము, కొన్ని సీసపు అక్షరములు, ముప్పదియైదు సంవత్సరముల ఓర్పు – ఇవే ఆయన ఆయుధములు.

ఇట్టివారు సముద్రమునకు ఆవల మాత్రమే పుట్టుదురని మనలో కొందరు తలంతురు. అది నిజము కాదు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డలో పుట్టి, హైదరాబాదులో పత్రిక నడిపి, చివరకు మన పొరుగుననున్న వనపర్తి ప్రజల ప్రతినిధిగా శాసనసభలో కూర్చున్న ఒక పెద్దమనిషి జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాము. ఆయనే సురవరం ప్రతాపరెడ్డిగారు.

మొదటనే ఒక మాట చెప్పవలసియున్నది. ప్రతాపరెడ్డిగారు క్రైస్తవులు కారు. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు అను గ్రంథములు వ్రాసిన హిందూ పండితులు. ఆయనను మన మతమువానిగా చూపుట మా ఉద్దేశము కాదు. అయితే పారసీక రాజగు కోరెషు యూదుడు కాకపోయినను, చెరలోనున్న ప్రజలను ఇంటికి పంపుటకు దేవుడు అతనిని వాడుకొనెను గదా! మంచి పని ఎవరు చేసినను దానిని గుర్తించి, దానినుండి నేర్చుకొనుట విశ్వాసికి తగిన వినయము.

పుట్టుక, చదువు

ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరము మే 28వ తేదీన బోరవెల్లి గ్రామములో జన్మించిరి. తండ్రి నారాయణరెడ్డిగారు, తల్లి రంగమ్మగారు. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడు. ఈ రెండు ఊళ్లును నేడు గద్వాల జిల్లాలో ఉన్నవి. కర్నూలులోను హైదరాబాదులోను చదివి, మద్రాసులో బి.ఏ. పట్టము పొంది, తరువాత న్యాయశాస్త్రము చదివిరి. తెలుగుతోబాటు సంస్కృతము, ఉర్దూ, పారసీకము, ఇంగ్లీషు భాషలను నేర్చుకొనిరి. కొంతకాలము వకీలు వృత్తి చేసిరి. ఆ వృత్తిలోనే నిలిచియుంటే ధనము సంపాదించియుందురు. కాని హైదరాబాదులోని రెడ్డి హాస్టలు బాధ్యతను చేపట్టి, పల్లెలనుండి చదువుకొనుటకు వచ్చిన పిల్లల బాగోగులు చూచుటలో చాల సంవత్సరములు గడిపిరి.

ఆ దినముల స్థితి

ఆయన చేసిన పని విలువ తెలియవలెనంటే ఆ దినములు ఎట్టివో నేటి యౌవనస్థులు తెలిసికొనవలెను. అప్పుడు హైదరాబాదు రాజ్యమును నిజాము ప్రభువు ఏలుచుండెను. ఆయన క్రింద మన ప్రాంతమున గద్వాల, వనపర్తి, గోపాల్‌పేట, జటప్రోలు మొదలైన సంస్థానములు ఉండెను. రాజ్యములో తెలుగు మాటలాడువారే అందరికంటె ఎక్కువమంది. అయినను కచేరీలోను కోర్టులోను నడుచు భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన కూడ ఉర్దూలోనే. తన పొలము తగాదాలో ఏమి వ్రాయబడెనో తెలియక, రైతు వ్రేలిముద్ర వేసి ఇంటికి వచ్చుచుండెను.

1921వ సంవత్సరము నవంబరులో హైదరాబాదునందు సంఘసంస్కరణ సభ జరిగెను. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారను న్యాయవాది తెలుగున మాటలాడుటకు లేచినప్పుడు సభలోని ఇతర భాషలవారు కొందరు ఎగతాళి చేసి ఆయనను కూర్చుండబెట్టిరి. సంస్కరణ కొరకు కూడిన సభలోనే తెలుగునకు ఈ గౌరవము! ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలైన పెద్దలు దానికి నాయకులైరి.

భాష ఒక్కటే బాధ కాదు. పల్లెలలో వెట్టి చాకిరి ఉండెను. సర్కారు నౌకరుగాని, దొరగాని ఊరికి వచ్చిన దినమున మాదిగవాడనుండి మనుష్యులు కూలి లేకుండ మూట మోయవలెను. కుమ్మరి కుండలు, గొల్లవాడు మేకను ఊరకనే ఇచ్చుకొనవలెను. కొద్దిపాటి అప్పు తీసికొనినవాడు భగేలాగా చేరి, ఏండ్ల తరబడి ఆసామి ఇంట పడియుండవలెను. కొన్నిచోట్ల తండ్రి అప్పు కొడుకుమీదికి వచ్చుచుండెను. మన సంఘములలో మొదటి విశ్వాసులు చాలమంది ఈ కాడి క్రిందనుండి వచ్చినవారే. నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయము చదివిన యెడల, పొలములు ఇండ్లు కుదువబెట్టి, కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగించిన బీదల మొర కనబడును. ఆ అధ్యాయము యెరూషలేమునుగూర్చి వ్రాయబడినను, మన తాతలు చదివినప్పుడు అది తమ ఊరి సంగతివలెనే తోచియుండును.

గోలకొండ పత్రిక

ఇట్టి దినములలో 1926వ సంవత్సరము మే 10వ తేదీన ప్రతాపరెడ్డిగారు హైదరాబాదునుండి గోలకొండ పత్రికను వెలువరించిరి. అప్పటికి ఆయనకు ముప్పది ఏండ్లు నిండలేదు. పత్రిక వారమునకు రెండు సారులు వచ్చుచుండెను. అంతకుముందు 1922లో నల్లగొండలో నీలగిరి పత్రిక, ఇనుగుర్తిలో తెనుగు పత్రిక పుట్టి, కొంతకాలము నడిచి ఆగిపోయెను. చదువరులు తక్కువ, ధనము తక్కువ, సర్కారు అనుమానము ఎక్కువ. ఆ మూడింటిని తట్టుకొని నిలిచినది గోలకొండ పత్రిక.

మొదటి దినములలో ఆయన వ్రాయుటయు, దిద్దుటయు, అచ్చుపని చూచుటయు తామే చేసిరి. వ్రాయువారు చాలనందున అనేకమైన మారుపేర్లతో తామే వ్యాసములు, కథలు, విమర్శలు వ్రాసి పుటలు నింపిరి. చదువరికి ఆ పత్రిక వెనుక పదిమంది ఉన్నట్లు తోచుచుండెను. ఉన్నది మాత్రము చాల వరకు ఒక్కరే.

సంపాదకీయములు సర్కారుకు నచ్చలేదు. అనుమతి లేనిదే వాటిని అచ్చువేయకూడదని ఒకప్పుడు కట్టడి వచ్చెను. ఆయన కయ్యమునకు దిగలేదు, తల వంచనూ లేదు. సంపాదకీయము ఉండవలసిన స్థలములో లోకములోని గొప్పవారి సూక్తులను ఏరి ప్రచురించిరి. స్వేచ్ఛనుగూర్చియు న్యాయమునుగూర్చియు పెద్దలు చెప్పిన మాటలను ఏ అధికారి తప్పుపట్టగలడు? చదువరులకు మాత్రము భావము బోధపడెను. జెకర్యా యాజకుని నోరు మూయబడినప్పుడు, ఆయన వ్రాతపలక తెప్పించుకొని దానిమీద వ్రాసెనని లూకా సువార్తలో చదువుచున్నాము. పలుకుటకు వీలు లేనప్పుడును సత్యమునకు ఒక దారి దొరకును. దానిని వెదకువాడు ఉండవలెను, అంతే.

ఆ కాలములో పత్రిక నడుపుట ఆటపని కాదని చెప్పుటకు ఒక్క సంగతి చాలును. 1948 ఆగష్టులో షోయబుల్లాఖాన్ అను ఉర్దూ పత్రికా సంపాదకుడు, హైదరాబాదు భారతదేశములో చేరవలెనని వ్రాసినందుకు నగర వీధిలో చంపబడెను. ఇరువది సంవత్సరములకు పైగా అట్టి రాజ్యములో కలము పట్టిన ప్రతాపరెడ్డిగారి ధైర్యము ఎట్టిదో ఊహించుకొనవచ్చును.

మూడువందల యేబదినాలుగు పేర్లు

తెలంగాణములో కవులే లేరని ఒకరు వ్రాసిన మాట ఆ దినములలో ఆయన చెవిని పడెను. మనమైతే ఏమి చేసియుందుము? కోపపడి రెండు మాటలు తిట్టి ఊరకుందుము. ఆయన అట్లు చేయలేదు. ఊరూరనుండి కవుల వివరములను, పద్యములను సేకరించిరి. 1934లో గోలకొండ కవుల సంచిక అను పెద్ద గ్రంథమును ప్రచురించిరి. అందులో 354 మంది కవులు ఉన్నారు. ఎవరికిని తెలియక మూలనున్న పల్లెటూరి కవి కూడ ఆ గ్రంథములో తన పేరుతో నిలిచెను. లేరన్న మాటకు జవాబు వాదము కాదు, జాబితా.

ఇచ్చట నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయము జ్ఞాపకము వచ్చుచున్నది. చాలమంది ఆ అధ్యాయమును దాటి పోవుదురు, ఏలయనగా అందులో పేర్లు తప్ప వేరేమియు లేనట్లు కనబడును. కాని నిదానముగా చదువుడి. గోడ కట్టినవారిలో కంసాలివారు ఉన్నారు, పరిమళద్రవ్యములు చేయువారు ఉన్నారు, తండ్రితో కలిసి పని చేసిన షల్లూము కుమార్తెలు ఉన్నారు. పనికి మెడ వంచని తెకోవీయుల పెద్దలు కూడ ఆ లెక్కలో దాగలేదు. ఎవరు ఏ భాగమును కట్టిరో దేవుని గ్రంథములో వ్రాయబడియున్నది. మనుష్యులు మరచిన పేరును దేవుడు మరువడు. ఆయన మరువనివానిని మనము మరచుట తగదు.

జోగిపేట సభ

1930వ సంవత్సరము మార్చి నెలలో మెదకు జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగెను. దానికి అధ్యక్షులుగా ప్రతాపరెడ్డిగారిని ఎన్నుకొనిరి. ఆ రాజ్యములో సర్కారు అనుమతి లేనిదే సభ కూడుట సాధ్యము కాదు. రాజకీయములు మాటలాడకూడదు. కావున విద్య, గ్రంథాలయములు, బాల్యవివాహములు, వితంతువుల దుస్థితి, అంటరానితనము మొదలైన సంగతులు చర్చకు వచ్చెను. అదే సమయమున స్త్రీల సభయు జరుగగా దానికి నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించిరి. తొమ్మిదేండ్ల క్రిందట తెలుగున నోరు తెరచినవానిని ఎగతాళి చేసిన రాజ్యములో, ఇప్పుడు వేలకొలది పల్లెలవారి తరపున తెలుగున సభ నడిచెను.

అయితే ఒక సత్యమును మరువరాదు. అంటరానివారి విషయము ఇతరులు మాటలాడుటకు ముందే ఆ జనులలోనుండి లేచిన పెద్దలు ఉన్నారు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు 1906లోనే జగన్మిత్ర మండలిని స్థాపించి, బడులు పెట్టి, జోగిని ఆచారమును ఎదిరించి పోరాడిరి. పై నుండి వంగి చేయి అందించువాడు కావలెను, క్రిందనుండి లేచి నిలుచువాడును కావలెను. ఆ కాలమున ఈ రెండు విధములవారిని దేవుడు ఈ దేశమునకు ఇచ్చెను. అమెరికాలో గారిసన్‌తోబాటు, బానిసగా పుట్టి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లసు 1847లో తన సొంత పత్రికను మొదలుపెట్టెను. ఇచ్చట భాగ్యరెడ్డివర్మగారు 1931లో భాగ్యనగర్ పత్రికను వెలువరించిరి. అక్కడను ఇక్కడను విమోచన ఒక్కరి చేతిమీదుగా రాలేదు.

రాజుల చరిత్ర కాదు, ప్రజల చరిత్ర

1949లో ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడెను. ఇది ఆయన రచనలన్నిటిలో పేరెన్నికగన్నది. అంతవరకు చరిత్ర అనగా ఏ రాజు ఎవరిని జయించెను, ఎన్నేండ్లు ఏలెను అని వ్రాయుటయే వాడుక. ఆయన వేరొక ప్రశ్న వేసిరి. ఆ కాలమున మన ప్రజలు ఏమి తినిరి? ఏమి కట్టుకొనిరి? ఏ ఆటలు ఆడిరి? ఏ పన్నులు చెల్లించిరి? దేనికి భయపడిరి? తూర్పు చాళుక్యుల కాలమునుండి ఇరువదవ శతాబ్దపు ఆరంభము వరకు ఈ సంగతులను వెదకి వ్రాసిరి.

వీటికి రాజశాసనములు చాలవు. అందుచేత ఆయన పాత కావ్యములను, కథలను, శతకములను, సామెతలను గాలించిరి. కవి ఒక వీధిని వర్ణించుచు మాటవరుసకు చెప్పిన అంగడిని, పిండివంటను, పిల్లల ఆటను ఏరి చరిత్రకు సాక్ష్యముగా నిలిపిరి. కల్లములో గింజ ఏరినట్టి పని అది. రూతు బోయజు పొలములో పరిగె ఏరుకొనినట్లు, పెద్దలు వదలివేసినదానిని ఏరి ఆయన ఒక జాతికి ఆహారము సమకూర్చిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తన మొదటి బహుమానములను ప్రకటించినప్పుడు తెలుగునకు బహుమానము ఈ గ్రంథమునకే వచ్చెను. అప్పటికి గ్రంథకర్త లోకమును విడిచి రెండు సంవత్సరములైనది.

వనపర్తి ప్రతినిధి

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. 1952లో దేశమంతట మొదటి సామాన్య ఎన్నికలు జరిగెను. ప్రతాపరెడ్డిగారు కాంగ్రెసు పక్షమున వనపర్తినుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికైరి. మన పాలమూరు జిల్లాకే చెందిన బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి అయిరి. ప్రతాపరెడ్డిగారికి మంత్రి పదవి రాలేదు. నేడు ఆ మంత్రివర్గములోనివారి పేర్లు ఎందరికి జ్ఞాపకమున్నవి? పదవి లేని ఈయన పేరు మాత్రము నిలిచియున్నది.

శాసనసభ్యులై నిండ రెండేండ్లు గడువకముందే, 1953వ సంవత్సరము ఆగష్టు 25వ తేదీన ఆయన మరణించిరి. వయస్సు 57 సంవత్సరములు. తెలుగువారందరు ఒక రాష్ట్రమగుటను ఆయన చూడలేదు. తమ గ్రంథమునకు వచ్చిన గౌరవమును చూడలేదు. మోషే నెబో కొండమీదనుండి దేశమును చూచెను, అందులో అడుగుపెట్టలేదు. విత్తువాడొకడు, కోయువాడొకడు అగుట దేవుని పొలములో వాడుకయే. హైదరాబాదు టాంకుబండుమీద ఆయన విగ్రహము నిలిచియున్నది. 2025లో తెలంగాణ శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టెను.

మనకు పాఠములు

ప్రియులారా, ఈ జీవితమునుండి మన సంఘములు మూడు సంగతులు నేర్చుకొనవలెనని కోరుచున్నాము.

మొదటిది, భాష. నెహెమ్యా 13వ అధ్యాయములో, యూదుల పిల్లలలో సగము మంది అష్డోదు భాష మాటలాడుచు తమ భాష ఎరుగకయుండుట చూచి ఆయన వారితో వాదించెను. నేడు మన ఇండ్లలో పిల్లలు ఇంగ్లీషు చదువుచున్నారు. అది తప్పు కాదు, బ్రతుకుతెరువునకు కావలెను. ప్రతాపరెడ్డిగారు అయిదు భాషలు నేర్చిరి, ఏ భాషను ద్వేషింపలేదు. కాని తల్లి చదువు బైబిలును బిడ్డ చదువలేకపోవుట నష్టము కాదా? అవ్వ పాడు కీర్తనను మనుమడు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసుకొని పాడుచున్నాడు. వెట్టి చేసిన మన తాతలు పగలంతయు కష్టపడి, రాత్రి దీపము ముందు కూర్చుండి తెలుగు అక్షరములు దిద్దుకొనిరి. దేవుని వాక్యమును తమ కన్నులతో చదువవలెనను ఆశ వారిని ఆ పనికి పురికొల్పెను. అంత వెల ఇచ్చి కొనినదానిని మనము ఊరకనే పోగొట్టుకొనరాదు. ఆదివారపు బడిలో ప్రతి బిడ్డయు తెలుగు బైబిలులో ఒక అధ్యాయము తడబడక చదువునట్లు చేయుట సంఘముల పని.

రెండవది, పేర్లు. అమెరికానుండి మెనోనైట్ బ్రదరన్ మిషనెరీలు మన ప్రాంతమునకు వచ్చి, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మొదలైన చోట్ల పని చేసిరి. వారి పేర్లు పుస్తకములలో ఉన్నవి. కాని వారికి ముందుగా ఊరిలోనికి దారి చూపిన మాదిగ పెద్ద పేరు ఎక్కడ వ్రాయబడెను? దొర కొట్టించినను ఆరాధన మానని కుటుంబము పేరు ఎక్కడ? ఇల్లిల్లు తిరిగి పాటలు నేర్పిన బైబిలు స్త్రీ పేరు ఎక్కడ? అనేక సంఘములలో ఈ సంగతులు ముసలివారి నోటిలో మాత్రమే ఉన్నవి. ప్రతి సంవత్సరము ఒక సమాధితోబాటు ఒక చరిత్రయు మట్టిలో కలియుచున్నది.

కావున ప్రతి సంఘము ఒక మంచి నోటుపుస్తకము కొని, ఈ క్రిస్మసు పండుగలోపల ఈ సంగతులను వ్రాయింపవలెను. మన ఊరిలో మొదట విశ్వసించినవారెవరు? బాప్తిస్మము ఎక్కడ పొందిరి? గుడికి స్థలము ఎవరిచ్చిరి? రాళ్లు ఎవరు మోసిరి? కరవు కాలములో ఎట్లు బ్రతికిరి? ఏ పాటలు పాడిరి? చదువుకొనిన యౌవనస్థులు వృద్ధుల ముందు కూర్చుండి అడిగి వ్రాయవలెను. ఉన్నది ఉన్నట్లుగా వ్రాయవలెను, పొగడ్త వద్దు. ప్రతాపరెడ్డిగారు 354 మంది పేర్లు కూర్చగలిగినప్పుడు, మనము మన వాడలోని ముప్పది పేర్లు కూర్చలేమా?

మూడవది, పదవి. నెహెమ్యా పండ్రెండు సంవత్సరములు అధికారిగా ఉండియు అధికారికి రావలసిన భోజనపు పడిని ప్రజలనుండి తీసికొనలేదు, ఏలయనగా వారి భారము ఎక్కువగానుండెను. ఊరికి వచ్చిన ప్రతి నౌకరుకు కోడిని, మేకను ఇచ్చుకొనిన జనమునకు ఈ మాట విలువ బాగుగా తెలియును. నేడు మన యౌవనస్థులు సర్పంచులగుచున్నారు, ఉద్యోగులగుచున్నారు, సంఘ పెద్దలగుచున్నారు. దేవునికి స్తోత్రము. అయితే కుర్చీ మారి అలవాటు మారకపోయిన యెడల వెట్టి పోయినట్లు కాదు, చేతులు మారినట్లే. బీదవాని కాగితము మీ బల్లమీదికి వచ్చినప్పుడు, అతనికి తెలిసిన భాషలో చదివి వినిపించి, తిప్పి పంపక పని ముగించుడి. అది కూడ ఆరాధనయే.

మనలో అందరు పత్రికలు నడుపలేరు, గ్రంథములు వ్రాయలేరు. అయితే యెరూషలేము గోడను కట్టినవారిలో చాలమంది తమ ఇంటి ఎదుటి భాగమునే బాగుచేసిరని మనము చదువుచున్నాము. మన ఇంటి ఎదుట పడియున్న రాళ్లు మనకు తెలియును. వాటిని ఎత్తుటకు ప్రభువు మనకు బలము దయచేయును గాక. ఆమేన్.